నాలుగో మెట్టు జాగ్రత్త

ఆ రోజు ఆయన తన తువ్వాలు తనే తీసుకుని స్నానానికి వెళ్లాడు. ఆమె అనుమానం అక్కడ మొదలైంది.

ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ మనిషి తువ్వాలుతో స్నానాలగదిలో అడుగుపెట్టింది లేదు. గడియ పడుతుంది, నీళ్ల చప్పుడు మొదలవుతుంది, ఆగుతుంది, "తువ్వాలూ!" అని కేక వస్తుంది. పొయ్యి మీద పాలు పొంగుతున్నా, చేతులనిండా సబ్బు నురగ ఉన్నా ఆ కేకకి పరుగెత్తాల్సిందే. కాపురానికొచ్చిన కొత్తలో తనే ముందుగా లోపల తగిలించి వచ్చేది. "లోపలుంటే చెమ్మగిల్లుతుంది, ఆమాత్రం తెలీదా?" అన్నాడు. నిజమే, పొడి తువ్వాలు కావాలంటే తలుపు బయట ఒక మనిషి సిద్ధంగా నిలబడాలి కదా.

అలాంటివాడు ఆ పొద్దున తీగ మీద నుంచి తువ్వాలు లాక్కుని భుజాన వేసుకుని, వెళ్తూ వెళ్తూ "నువ్వేమైనా తిన్నావా?" అని కూడా అడిగాడు. ఏడింటికి! ఆ ఇంట్లో ఆమె ఎప్పుడు తింటుందో, అసలు తింటుందో లేదో చూసిన పాపాన ఎవరూ పోలేదు. మొగుడు ఓ మంచిమాట అంటే మురిసిపోవాలి గానీ అనుమానించడమేంటని మీరనొచ్చు. ఆమె కూడా ఓ నిమిషం అలాగే అనుకుంది. కానీ అతి వినయం ధూర్త లక్షణమని పెద్దలు ఊరికే అన్నారా? చీపురు పట్టుకుని వెనక మెట్లు ఊడవడానికి వెళ్లింది. ఆమెకి ఆలోచన సాగేది అక్కడే.

ఆ మెట్ల సంగతి కాస్త చెప్పాలి. పైవాటాకి వెళ్లడానికి ఇంటి వెనకవైపు పదమూడు మెట్లున్నాయి. కింది నుంచి నాలుగో మెట్టు బండ కదులుతుంది. కుడిపక్క అడుగేస్తే ఏమీ కాదు. ఎడమపక్క వేశారో, తక్కెడలా రెండో పక్క లేస్తుంది. ఎనిమిదేళ్ల క్రితం వానలకి బండ కింద సిమెంటు ఊడిపోయింది. ఆ సంగతి ముందు కనిపెట్టింది ఆమే, ఎందుకంటే రోజూ వంగి ఊడ్చేది ఆమే. "ఏవండీ, మెట్టు కదులుతోంది, మేస్త్రీని పిలవండి" అంది. "చూద్దాంలే" అన్నాడు. మరుసటి వారం మళ్లీ అంది. "ఒక్క మెట్టు కదిలితే కొంపేం మునగదు. కట్టడాల సంగతి నీకేం తెలుసు?" అన్నాడు. ఆ తర్వాత ఓసారి అత్తగారే జారబోయి నానా యాగీ చేస్తే, ఆయనకి బ్రహ్మాండమైన ఉపాయం తట్టింది. "నువ్వెలాగూ ఇంట్లోనే పడుంటావుగా. ఎక్కేవాళ్లకి చెబుతూ ఉండు."

చెబుతూ ఉంది. ఎనిమిదేళ్లు. వంటింటి కిటికీ ఆ మెట్లవైపే ఉంటుంది. పైవాటావాళ్ల చుట్టాలు, నీళ్ల ట్యాంకు కడిగేవాళ్లు, గ్యాసు బండ మోసుకొచ్చేవాడు, ఎవరైనా సరే. గేటు చప్పుడైతే చాలు, చేతిలో గరిటె ఆగకుండానే నోరు అనేసేది: "నాలుగో మెట్టు జాగ్రత్త! కుడిపక్క అడుగెయ్యండి!" పుట్టింట్లో రెండు రోజులుంటానంటే, "మరి మెట్ల దగ్గరెవరుంటారు?" అనేది అత్తగారు, ఏదో కాపలా ఉద్యోగానికి సెలవడిగినట్టు. జలుబుతో గొంతు పోయిన వారం కిటికీ ఊచల మీద గరిటెతో కొట్టి, నాలుగు వేళ్లు చూపించింది. అర బస్తా సిమెంటు చెయ్యాల్సిన పని ఆమె గొంతు చేసింది. సిమెంటైతే కొనాలి.

రెండు నెలల క్రితం మీటరమ్మాయి ఆ మెట్టు మీదే పడింది. కరెంటు మీటరు చూసి రాసుకెళ్లే పిల్ల. పైవాటా మీటరు పదమూడో మెట్టు పక్కన గోడకుంది. నెలనెలా వచ్చేది, భుజాన సంచి, చేతిలో చిన్న మిషను. బొద్దింకలంటే ప్రాణభయం, అందుకని మీటరు పెట్టె తలుపు ఓ పుల్లతో దూరం నుంచి తెరిచేది. ఆ రోజు గేటు చప్పుడైంది. ఆమె కిటికీ దగ్గరికి వెళ్లబోయింది. "తువ్వాలూ!" అని కేక వచ్చింది. తువ్వాలిచ్చి వచ్చేలోపు పిల్ల ఎక్కడం, రాసుకోవడం అయిపోయి దిగుతోంది. బండ లేచి పడిన చప్పుడు, వెంటనే అరుపు. తుంటి ఎముక విరిగింది.

"నువ్వు కేకేసుంటే ఇదంతా ఉండేదా?" అంది అత్తగారు. "ఒక్క పని. అదీ నోటితో చేసే పని. అది కూడా చేతకాలేదు నీకు" అన్నాడు ఆయన, ఆమె ఇచ్చిన తువ్వాలుతోనే తల తుడుచుకుంటూ. ఆమె నమ్మింది. అదే ఇప్పుడు తల్చుకుంటే ఒళ్లు మండుతుంది. రెండు నెలలు ముద్ద గొంతు దిగలేదు, తన వల్లే ఆ పిల్ల మంచాన పడిందని.

ఊడుస్తూ నాలుగో మెట్టు దాకా వచ్చేసరికి నిన్నటి పోస్టుమాను గుర్తొచ్చాడు. రిజిస్టరు కవరు తెచ్చి, "ఆవిడే సంతకం పెట్టాలండీ, ఆవిడ పేరు మీదొచ్చింది" అన్నాడు. ఆమె పేరు మీద! పెళ్లిపత్రికల మీద కూడా ఆయన పేరు పక్కన 'దంపతులకు' అని ఉంటుంది తప్ప ఆమెకి విడిగా ఎవరూ ఏదీ రాయరు. సంతకం పెట్టి చేతిలోకి తీసుకుందో లేదో, కవరు ఆయన చేతిలోకి మారింది. "బ్యాంకు వాళ్లదిలే. నీకేం తెలుస్తుంది" అని లోపలికి పోయాడు. నిన్న కవరు, ఇవాళ తువ్వాలు.

మధ్యాహ్నం మూడోది కూడా వచ్చింది. ఆడపడుచు మొగుడు, వృత్తికి వకీలు, చెప్పాపెట్టకుండా భోజనానికి దిగాడు. ఎప్పుడూ కంచంలోకి తప్ప వడ్డించే మనిషి వైపు చూడని పెద్దమనిషి, "చెల్లెమ్మా, కూర అదిరింది" అన్నాడు. ఆ రోజు కూరలో ఉప్పు మర్చిపోయింది. ఆ సంగతి ఆమెకి తెలుసు, అత్తగారి మొహం చూస్తే అత్తగారికీ తెలుసు. ఉప్పులేని కూరని మెచ్చుకునే వకీలుకి ఏం కావాలి?

"ఇంతకీ చెల్లెమ్మా, ఇంటి రిపేర్లూ అవీ నువ్వేమన్నా పట్టించుకుంటావా?" అన్నాడు మజ్జిగ పోసుకుంటూ.

"దానికేం తెలుసు బావా" అన్నాడు ఆయన, గబగబా.

"అంతే అంతే. ఏమీ తెలీకపోవడమే మంచిది" అన్నాడు వకీలు. అని నవ్వాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

ఇంట్లో ఏదైనా దాచాలంటే ఆమె చెయ్యి పడని చోటు ఉండాలి. అలాంటి చోటు ఆ ఇంట్లో లేదు. పాపం, ఆ సంగతి దాచినవాడికి ఎలా తెలుస్తుంది, ఏనాడన్నా తుడిచిన మొహమా? ఆయన బీరువా అరలో పరిచిన పాత పేపరు కింద కవరు దొరకడానికి పది నిమిషాలు పట్టలేదు. మంచం మీద కూర్చుని చదివింది. కోర్టు కాగితం. మీటరమ్మాయి కేసు వేసింది. పదిహేను రోజుల్లో కోర్టు పంపే కమిషనరు వచ్చి మెట్లు చూస్తారు, అప్పటిదాకా వాటిలో ఏ మార్పూ చెయ్యకూడదు. ఇదంతా ఒక ఎత్తు, పైన రాసిన వరస ఒక ఎత్తు. ఆమె పేరు, ఆ పక్కన 'ఇంటి యజమానురాలు' అని.

మూడుసార్లు చదువుకుంది. ఎవరిదో ఉత్తరం పొరపాటున తన చేతికొచ్చిందనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది, పందొమ్మిదేళ్ల క్రితం ఒక ఆఫీసు, పొడుగాటి బల్ల, వేలికి అంటిన సిరా. "సాక్షి సంతకం, పెట్టు" అన్నాడు ఆయన. పెట్టింది, వేలిముద్రతో సహా. తిరిగొచ్చేటప్పుడు ఇదే వకీలు, "ఆడవాళ్ల పేరు మీదైతే రిజిస్ట్రేషన్లో కలిసొస్తుందిలే" అని ఆయనతో అనడం చెవిన పడింది కూడా. సిరా మరక వదలడం లేదన్న బాధలో ఉండి అదేంటో అడగలేదు.

అంటే పందొమ్మిదేళ్లుగా ఇల్లు తనది! వంటింట్లో ఓ అద్దం తగిలించుకుంటానంటే, "గోడకి మేకు కొడితే పెచ్చులూడుతుంది, ఎవరిల్లనుకున్నావ్?" అన్నాడు. అద్దం ఇప్పటికీ బియ్యం డబ్బాకి ఆనించే ఉంది, వంగి చూసుకోవాలి. తమ్ముడొచ్చి వారం ఉంటే, "మా ఇంట్లో మీవాళ్ల మకాం ఎన్నాళ్లు?" అన్నాడు. అన్నిటికీ ఆయనిల్లు. ఒక మనిషి పడి ఎముక విరగ్గొట్టుకుంటే మాత్రం ఆమెది. ఆమెకి ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత కోపం వచ్చింది.

సాయంత్రం కాఫీ తాగుతున్న వకీలు ముందు కవరు తెచ్చి పెట్టింది. మొగుడి మొహం చూడలేదు. చూస్తే జాలి పుడుతుందేమోనని భయం, అలవాటైన జాలి కదా.

వకీలు గొంతు సవరించుకున్నాడు. "చూడు చెల్లెమ్మా, చట్టం ఏమంటుందంటే, ఆ పిల్లేం దొంగతనానికి రాలేదు, పని మీద వచ్చింది. పని మీద వచ్చినవాళ్లకి మన స్థలంలో దెబ్బ తగిలితే బాధ్యత యజమానిది. లోపం ఉందని తెలిసీ బాగుచేయించకపోతే ఇక తప్పించుకునే దారే లేదు. తెలీదంటే ఎంతోకొంత దారుంది. ఆ పిల్లే ఫోను చూసుకుంటూ దిగిందని నేను వాదిస్తా. నువ్వు ఒక్క మాటంటే చాలు. నాకు తెలీదని."

"నాకు తెలుసు కదా అన్నయ్యగారూ."

"తెలిసినా తెలీదు."

"ఎనిమిదేళ్లుగా చెబుతున్నది నేనే కదా."

"అందుకే ఇంకెవరికీ చెప్పకు" అన్నాడు ఆయన, పళ్ల బిగువున. వెంటనే గొంతు మార్చి, "నీ పేరు మీదున్న ఇల్లే, నీ మంచికే చెబుతున్నాం. తెలుసన్నావంటే ఇంటిమీదికొస్తుంది. అందరం రోడ్డున పడతాం" అన్నాడు.

అప్పటిదాకా మూల కుర్చీలో కూర్చున్న అత్తగారు తలెత్తింది. "ఇల్లు దీని పేరు మీదుందా?" అంది. వకీలు కాఫీ గ్లాసు ఎత్తాడు. "నాకూ చెప్పలేదు" అంది.

రాత్రంతా కాదు గానీ, మర్నాడు అంట్లు తోమినంతసేపూ ఆమెని ఒకే ఆలోచన తినేసింది. పెళ్లైన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఎక్కువసార్లు విన్నమాట 'నీకేం తెలుసు'. ఓట్ల సంగతి నీకేం తెలుసు, డబ్బు సంగతి నీకేం తెలుసు, నీకేం తెలుసని మాట్లాడతావ్. విని విని అది తన ఇంటిపేరేమో అన్నట్టు అలవాటైపోయింది. ఇప్పుడు అదే మాట తన నోటితో, తన సంతకంతో, కోర్టుకి రాసివ్వాలట. ఇన్నాళ్లూ వాళ్లన్నారు, అది వాళ్ల నోరు. తను అనేస్తే ఇక అదే ఖాయం.

కూరగాయల సంచి పట్టుకుని బయల్దేరి, బజారు దాటి మీటరమ్మాయి ఇంటికి వెళ్లింది. ఒకటే గది. పిల్ల మంచం మీదుంది, పక్కన కర్రలు. గోడకి సంచి వేలాడుతోంది, అందులోంచి పుల్ల కనిపిస్తోంది. తిడుతుందనుకుంది. తిడితే బాగుండుననుకుంది. ఆ పిల్ల లేవబోయి, లేవలేక, "కూర్చోండి ఆంటీ" అంది.

"ఆ రోజు నేను లోపలున్నాను..." అని మొదలుపెట్టింది ఆమె.

"అదే ఆంటీ. ఎక్కేటప్పుడు ఎలాగో కుడిపక్కే ఎక్కా, అలవాటుగా. పైకెళ్లాక అనుకున్నా, ఇవాళ ఆంటీ గొంతు వినపడలేదే అని. ఓహో, మెట్టు బాగుచేయించేసుంటారు అనుకున్నా. అందుకే దిగేటప్పుడు చూసుకోలేదు."

ఆమె మంచం పట్టె మీద కూర్చుండిపోయింది. ఒక మనిషి కాసేపు నోరు మూసుకుంటే, ఇక బాగైపోయిందని అవతలివాళ్లు అనుకుంటారు. మెట్టు గురించే కాదు. ఆమె తన కాపురమంతా అలా నడిచిందనుకుంది.

"ఫోను చూసుకుంటూ దిగావా?" అని అడిగింది, అడగాలి కాబట్టి.

"ఫోను సంచిలో ఉందాంటీ. ఒక చేతిలో మిషను, ఒక చేతిలో ఈ పుల్ల." పిల్ల నవ్వబోయింది. "తిరిగే ఉద్యోగం కదా. కాలు సరిగ్గా రాకపోతే వేరేవాళ్లని పెట్టుకుంటామన్నారు. అందుకే కేసు. మీ మీద కోపంతో కాదు."

కమిషనరు వచ్చే రోజు తెల్లారుతూనే వెనక గేటు చప్పుడైంది. చీపురుతో బయటికొచ్చిన ఆమెకి మెట్ల దగ్గర మేస్త్రీ కనిపించాడు. పక్కన సిమెంటు బస్తా, తాపీ, బకెట్టు. ఆయన లుంగీ ఎగ్గట్టి నిలబడి, నవ్వుతూ, "ఎన్నేళ్లుగానో పోరుతున్నావుగా. ఇదిగో, నీ కోరిక తీరుస్తున్నా" అన్నాడు.

ఎనిమిదేళ్లు ఆమె ఎదురుచూసిన సిమెంటు అది. ఎన్నిసార్లు ఊహించుకుందో, మేస్త్రీకి మంచినీళ్లివ్వడం, తడి ఆరేదాకా ఎవరూ తొక్కకుండా అడ్డంగా కుర్చీ పెట్టడం. కవరులో మాట గుర్తుంది: ఏ మార్పూ చెయ్యకూడదు. పదింటికి కమిషనరు వచ్చేసరికి కదిలే మెట్టు ఉండదు. అప్పుడు ఆ పిల్ల అబద్ధాలకోరు అవుతుంది. పడ్డది కూడా ఆ పిల్ల తప్పే అవుతుంది.

"మేస్త్రీ, ఇవాళ వద్దు. రేపు రా" అంది.

మేస్త్రీ బుర్ర గోక్కున్నాడు. "అయ్యగారు రమ్మన్నారమ్మా."

"ఇల్లెవరిదో అయ్యగారినే అడుగు."

మేస్త్రీ అమాయకుడు, నిజంగానే అడిగాడు. "ఇల్లెవరిదండయ్యా?"

ఆయన నోరు తెరిచాడు. నాదంటే, రెండు వారాలుగా బావతో కలిసి కట్టిన గోడంతా కూలుతుంది. ఆవిడదంటే మేస్త్రీ వెళ్లిపోతాడు. కక్కలేక మింగలేక అలా నిలబడ్డాడు. ఆ నిలబడటం పూర్తికాకముందే మేస్త్రీ బస్తా భుజానికెత్తుకుని, "రేపొస్తానమ్మా" అని ఆమెకే చెప్పి వెళ్లాడు.

"నీకు పిచ్చి పట్టిందా?" అన్నాడు ఆయన. ఆమె పై మెట్టు నుంచి ఊడవడం మొదలుపెట్టింది. అత్తగారు వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఇదంతా చూసింది. కొడుకు అటు తిరిగేసరికి తప్పుకుంది.

పదింటికి కమిషనరు వచ్చింది. యాభై ఏళ్ల మనిషి, కళ్లజోడు, చంకలో ఫైలు, కాళ్లకి మడమల చెప్పులు. వకీలు ఎదురెళ్లి కుర్చీ వేశాడు. ఆవిడ కూర్చోలేదు. "మెట్లెక్కడ?" అంది. అందరూ వెనకవైపుకి నడిచారు.

"ఇంటి యజమానురాలు మీరేనా?" అని ఆమెని అడిగింది.

"పేరుకేనండీ" అన్నాడు ఆయన ముందుకొచ్చి. "ఇంటిపని, వంటపని తప్ప ఆవిడకేమీ తెలీదండీ."

"ఏమీ తెలీదు మేడమ్, గృహిణి" అన్నాడు వకీలు.

కమిషనరు ఆమె వైపు ఓసారి చూసి, కాగితం మీద ఏదో రాసుకుంది. "సరే, మీటరు పైనేగా? నేను ఎక్కి చూస్తాను" అని మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.

వకీలు ఆమె వైపు తిరిగి, కమిషనరుకి కనపడకుండా, వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. మొగుడి చూపుల్లో ఇరవై రెండేళ్ల ఆజ్ఞ ఉంది, ఈమధ్యే నేర్చుకున్న బతిమాలడమూ ఉంది. రెండో మెట్టు. ఇల్లు పోవచ్చు. పోతే ఏం పోతుందో కూడా ఆమెకి పూర్తిగా తెలీదు, ఉన్నప్పుడు తనదని తెలిస్తే కదా. మూడో మెట్టు. కమిషనరు ఫైలు చూసుకుంటూ ఎక్కుతోంది. ఎడమకాలు లేచింది.

"నాలుగో మెట్టు జాగ్రత్త!" అంది ఆమె. అలవాటుగా కాదు. ఒక్కో మాటా తెలిసి, నిలబెట్టి అంది. "కదులుతుంది. కుడిపక్క అడుగెయ్యండి."

కమిషనరు కాలు గాల్లోనే ఆగింది. నెమ్మదిగా వెనక్కి దించి, గోడ పట్టుకుని తిరిగి చూసింది. వంటింటి కిటికీ ఊచల మీద ఎవరో గరిటెతో ఒక్కసారి ఠంగుమని కొట్టారు. లోపలున్నది అత్తగారొక్కతే.

"మీకేమీ తెలీదన్నారుగా వీళ్లు?" అంది కమిషనరు.

"ఇల్లు నాదండీ" అంది ఆమె. "నాకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"